డాక్టరేట్ పంతులమ్మ

పోయిన నెలలో యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగం వాళ్ళు, కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లలతో నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. తార్నాకలో మా ఇంటి నుంచి క్యాంపస్‌కి ఆటో ఎక్కితే దగ్గర, నడిస్తే కాస్త దూరం. నడిచే వెళ్ళాను. మెట్రో స్తంభాల కింద కొంత, ఆ తర్వాత క్యాంపస్ చెట్ల కింద కొంత. ముందురోజు వాన పడిందేమో, ఎండుగడ్డి తడిసిన వాసన అలాగే ఉంది. ఆ వాసన మాత్రం నా చిన్నప్పటి నుంచీ ఏమీ మారలేదు. హాల్లోకి అడుగుపెడితే సగానికి పైగా ఆడపిల్లలే. మేం చదివిన రోజుల్లో క్లాసు మొత్తంలోని ఆడపిల్లలం ఒకే బెంచీలో ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. మాట్లాడటం అయిపోయాక వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి నిలబడింది. "మేడం, మీరు క్రిస్టల్స్ మీద పీహెచ్‌డీ చేసిన్రు కదా. మంచిగ రీసెర్చ్‌ల సెటిల్ అయ్యేది ఉండె. మరి స్కూల్ టీచర్ ఎందుకైన్రు?" అని అడిగింది. అడిగిన తీరులో వెటకారం లేదు, కాస్త జాలి ఉంది. అప్పటికే టీ కప్పుల చప్పుడు మొదలైంది. "నాకు ఇష్టమై అయ్యానమ్మా" అని నవ్వి కూర్చున్నాను. అది అబద్ధం కాదు. కానీ పూర్తి జవాబూ కాదు. ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆ పిల్లకి చెప్పాల్సిందంతా లోలోపలే చెప్పుకుంటూ వచ్చాను. ఆ కథ ఫిజిక్స్ విభాగంలో మొదలు కాదు. మా నాయనమ్మ దగ్గర మొదలవుతుంది.

మాది బందరు వైపు. నాన్నగారి రైల్వే ఉద్యోగం మమ్మల్ని హైదరాబాదు తెచ్చింది. తార్నాకలో ఒక సందులో మేడ మీద వాటా, ముందు చిన్న వసారా, పైన డాబా. అమ్మ పొద్దున్నే కుళాయి వచ్చే వేళకి బిందెలన్నీ వరసగా పెట్టేది. కిరసనాయిలు స్టవ్వు వాసన, దాని మీద మరిగే కాఫీ వాసన కలిసి వస్తే గానీ మా ఇంట్లో తెల్లవారినట్టు కాదు. నాన్నగారు పేపరు పైకి చదివేవారు, ఎవరు వింటున్నారో లేదో పట్టించుకోకుండా. వేసవి వస్తే డాబా అంతా అమ్మ వడియాల బట్టలు పరుచుకునేవి. అక్కడ నిలబడితే మౌలాలి గుట్ట, గుట్ట మీద తెల్లగా దర్గా కనబడేవి. ఆ డాబా మీదకి ఎక్కే మెట్లలో మొదటి మెట్టు నాయనమ్మది. మడిబట్ట ఆరేసి, రాగి చెంబు పక్కన పెట్టుకుని, సాయంత్రం నేను బడి నుంచి వచ్చేవేళకి అక్కడే కూర్చుని ఉండేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. కానీ నేను చదువుకొచ్చిన ప్రతిదీ ఆవిడకి అప్పజెప్పాల్సిందే. అప్పజెప్పడం అంటే ఊరికే కాదు, ఒప్పించాలి. చెప్పినదాంట్లో ఆవిడకి నచ్చనిది ఉంటే ఇక నన్ను పైకి పోనిచ్చేది కాదు.

"ఇవాళ ఏం చెప్పారే?"

"భూమి తిరుగుతుందని చెప్పారు."

"ఎక్కడికీ?"

"ఎక్కడికీ కాదు. తన చుట్టూ తనే."

నాయనమ్మ పక్కనున్న చెంబులోకి తొంగి చూసింది. "తిరిగితే ఈ నీళ్ళు ఒలకవుటే? మౌలాలి గుట్ట నిన్నా అక్కడే ఉంది, ఇవాళా అక్కడే ఉంది. ఎవరే మీకు చెప్పిందీ?"

పుస్తకంలో ఉంది అన్నాను. "పుస్తకంలో ఉంటే సరా? నాకు తెలిసేట్టు చెప్పు" అంది. ఆ రోజు మొదలైన తగాదా ఏళ్ళ తరబడి సాగింది. హైస్కూల్లో చెప్పిందీ, ఇంటర్మీడియట్‌లో చెప్పిందీ, డిగ్రీలో చెప్పిందీ ఏదీ ఆవిడ ముందు నిలబడలేదు. ఒకసారి పట్టుదల వచ్చి, ఆవిడ చెంబుకే తాడు కట్టి, నీళ్ళు పోసి, డాబా మీద గిరగిరా తిప్పాను. చుక్క ఒలకలేదు. గర్వంగా ఆవిడ వైపు చూశాను. చూడటంతో చెయ్యి తడబడి చెంబెళ్ళి ఆరేసిన మడిబట్టల మీద పడింది. అమ్మ కిందనుంచి కేకలు. నాయనమ్మ మాత్రం బట్టల సంగతి వదిలేసి తీరుబడిగా ఆలోచించింది. "నువ్వంత విసురుగా తిప్పావు కాబట్టి ఒలకలేదు. బాగానే ఉంది. మరి నా పక్కన చెంబుని ఎవరూ తిప్పడం లేదు, అదీ ఒలకడం లేదు. దీనికీ దానికీ పొత్తేమిటే?" అంది. నిజంగానే ఏమీ పొత్తు లేదు. డిగ్రీ ఫిజిక్స్ చదువుతున్న నాకు ఆ సంగతి ఆవిడ అడిగేదాకా తట్టలేదు. బందరు వెళ్ళేటప్పుడు రైల్లో మళ్ళీ ప్రయత్నించాను. రైలు సాఫీగా పోతుంటే చెంబులో నీళ్ళు కదలవు, చూడు, భూమీ అంతే అన్నాను. ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని చాలాసేపు బయటికి చూసింది. "రైలు పోతోందని ఎలా తెలుస్తోందే? చెట్లు వెనక్కి పోతున్నాయి కనక. భూమికి కిటికీ ఏదే?" అంది. పక్కసీట్లో ఉన్నాయన పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న ఎంత మంచిదో అప్పటికే నాకు కొంచెం కొంచెం అర్థమవుతోంది.

ఎమ్మెస్సీ అయ్యాక అదే క్యాంపస్‌లో పీహెచ్‌డీలో చేరాను. మా గైడు గారిని అందరం సార్ అనే పిలిచేవాళ్ళం. ఉర్దూ మీడియంలో చదివి పైకొచ్చిన మనిషి. తెల్లచొక్కా, చేతిలో సుద్దముక్క, నోట్లో లవంగం. స్ఫటికాలు పెంచడం మా పని. గాజు జాడీలో వెచ్చటి ద్రావణం, అందులో దారానికి వేలాడే చిన్న విత్తనంలాంటి స్ఫటికం. ఆ ద్రావణాన్ని రోజుకి ఇసుమంత చొప్పున చల్లబరుస్తూ పోతే ఆ విత్తనం పొరపొరగా పెరుగుతుంది. తొందరపడితే లోపల మబ్బు కమ్ముతుంది. కరెంటు పోతే వారాల పని గాలికి పోతుంది. ఆ ల్యాబులో వేడి నీళ్ళు, రబ్బరు గొట్టాలు, మైనం కలిసిన ఒక వాసన ఉండేది. నా చీరలకి ఆ వాసన పట్టిందని అమ్మ గొణుక్కునేది.

ఆ ల్యాబులో నాకు దొరికిన స్నేహితురాలు పుష్ప. జనగామ దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. క్యాంపస్ లేడీస్ హాస్టల్లో ఉండేది. మొదటిరోజు నా టిఫిన్ డబ్బాలోంచి చారన్నం తిని, "చారుల బెల్లమేస్తరా మీరు? గిదేంది, చారా పాయసమా?" అంది. అయినా రోజూ తినేది. ఊరి నుంచి వచ్చినప్పుడు సకినాలు తెచ్చి డబ్బా నింపి ఇచ్చేది. నలుగురిలో నోరు విప్పేది కాదు, సెమినార్లో నిలబెడితే చెమటలు పట్టేవి. కానీ జాడీ ముందు కూర్చుంటే ఆమె చెయ్యి వణికేది కాదు. నా స్ఫటికాలు మబ్బుపట్టిన చోట ఆమెవి నీళ్ళలా మెరిసేవి. ఎలా చేశావే అంటే, "ఏమో, జర చూస్కుంట ఉంటె అయితది" అనేది.

పుష్ప పొద్దుటి పూట వారాసిగూడలో ఒక ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. ఒక వానాకాలం ఆమె ఊరి నుంచి కబురొచ్చింది. వాళ్ళమ్మ పొలం గట్టు మీద జారి కాలు విరిగింది.

"నాట్ల టైం ఉన్నది శారదా. ఇంట్ల ఎవ్వరు లేరు. నేను పోవాలె. గా స్కూల్ల నా క్లాసులు నువ్వు చూస్కో" అంది.

"నాకు రాదే పుష్పా. నేనెప్పుడూ పిల్లలకి చెప్పలేదు."

"మీ నాయనమ్మతోటి చిన్నప్పటిసంది లడాయి చేస్తున్నవ్ కదనే. ఆమె ముంగట పిల్లలొక లెక్కా?"

అలా వెళ్ళాను. ఆ బడి ఒక ఇరుకు సందులో రెండంతస్తుల ఇల్లు. కింద పిండిగిర్ని. తరగతి జరుగుతున్నంతసేపూ గిర్ని రొద, జొన్నపిండి వాసన. పిల్లల జడల మీద కూడా సన్నగా తెల్లటి పొడి ఉండేది. మొదటిరోజు నేను యూనివర్సిటీలో సార్ చెప్పినట్టే బోర్డు నిండా నిర్వచనాలు రాశాను. పిల్లలు తల ఎత్తకుండా రాసుకున్నారు. నేను ఆగితే వాళ్ళూ ఆగారు. చివర్న కిటికీ పక్క కూర్చున్న స్వరూప అనే పిల్ల లేచి, "టీచర్, గిది పరీక్షల వస్తదా?" అని అడిగింది. రాకపోవచ్చన్నాను. పిల్లలందరూ రాసింది కొట్టేశారు. కలాలు కాగితాల మీద గీసిన ఆ చప్పుడు గిర్ని రొదలో కూడా నాకు వినిపించింది. రెండో రోజూ అదే. ఇంటికొచ్చి అమ్మతో, పుష్ప తొందరగా వచ్చేస్తే బాగుండును అన్నాను.

ఆ తర్వాత ఒక రోజు పాఠం మధ్యలో స్వరూప మాటిమాటికీ బెంచీ మీద పక్కకి జరగడం చూశాను. ఆమె జరిగితే పక్కపిల్ల జరుగుతుంది, ఆ పిల్ల జరిగితే చివరి పిల్ల కిందపడేలా ఉంది. వానలు కాస్త తెరిపిచ్చిన రోజు. ఊచల కిటికీలోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది.

"ఎందుకమ్మా అలా జరుగుతున్నావు?" అన్నాను.

"నేనేం చేయాలె టీచర్? ఎండ నా మీదికొస్తున్నది."

ఎందుకో తెలియదు, చేతిలో ఉన్న సుద్దముక్కతో నేల మీద కూర్చుని, ఎండ అంచు వెంట ఒక గీత గీశాను. పిల్లలు మొదటిసారి తలలెత్తారు. పాఠం పక్కన పెట్టి అందరం ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఎండ గీతని వదిలేసి ముందుకు పోయింది. ఇంకో గీత గీశాం. దాన్నీ వదిలేసింది. పిల్లలు బెంచీలు దిగొచ్చి చుట్టూ మూగారు.

"ఏం జరిగింది?" అన్నాను.

"సూర్యుడు జరిగిండు" అన్నారు కొందరు. "కిటికీ జరిగింది" అని ఒకమ్మాయి అంటే అందరూ నవ్వారు. స్వరూప నవ్వలేదు. గీతల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎండలో చెయ్యిపెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూస్తోంది.

"టీచర్" అంది మెల్లగా, "ఎండ మన మీదికి వస్తున్నదా, మనమే ఎండలకు పోతున్నమా?"

నా ఒళ్ళు జలదరించింది. ల్యాబులో ఎంత మంచి స్ఫటికం వచ్చినా నాకు ఎప్పుడూ అలా కాలేదు. మా నాయనమ్మ రైల్లో అడిగిన ప్రశ్నే ఈ పిల్ల అటువైపు నుంచి అడుగుతోంది. జవాబు నాలుక చివర దాకా వచ్చింది. చెప్పేస్తే ఒక్క వాక్యం, పరీక్షలో వస్తుంది కూడా. కానీ ఆ పిల్ల మొహం చూశాక నోరు రాలేదు. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. అంతే, క్లాసు రెండు పార్టీలైపోయింది. సూర్యుడు జరుగుతున్నాడనే వాళ్ళు ఒకవైపు, మనమే జరుగుతున్నామనే వాళ్ళు ఒకవైపు. గిర్ని ఆగినా వీళ్ళ అరుపులు ఆగలేదు.

ఇంటికి పరుగు పరుగున వచ్చి మెట్టు మీద కూర్చున్న నాయనమ్మ ముందు కూలబడ్డాను. "నాయనమ్మా, భూమికి కిటికీ దొరికింది" అని మొత్తం చెప్పాను. ఆవిడ ఎక్కడా అడ్డుపడకుండా వింది.

"ఆ పిల్ల పేరేమిటన్నావు?"

"స్వరూప."

"మంచి బుర్రే. మరి నువ్వేం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు."

"మంచి పని చేశావు" అంది. అన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. భూమి తిరుగుతుందని మాత్రం ఒప్పుకోలేదు. "ఆ పిల్ల ఏం తేలుస్తుందో చూసి వచ్చి చెప్పు. అప్పుడు చూద్దాం" అని చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బడిలో నేలంతా గీతలే. పొద్దున గీసినవి, ఇంటికి పోయేముందు గీసినవి. హెడ్మిస్ట్రెస్ గారికి కోపం వచ్చింది. చిన్న ఆకారం, పెద్ద గొంతు. "సుద్దముక్కలు బోర్డు మీద రాయడానికండీ, నేల మీద ముగ్గులకి కాదు. పోర్షన్ ఎక్కడిదాకా వచ్చింది?" అన్నారు. ఊడ్చే ఆయమ్మ చేత నేల కడిగించారు. మర్నాడు పిల్లలు మళ్ళీ గీశారు. మళ్ళీ కడిగించారు, మళ్ళీ గీశారు. చివరికి ఒకరోజు, క్లాసు ఆపించడానికని వచ్చిన ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయి పిల్లల వాదన అంతా విన్నారు. నేను బయటికి వచ్చాక గొంతు తగ్గించి, "ఇంతకీ ఏది జరుగుతుందండీ?" అని అడిగారు. మీరేమనుకుంటున్నారు అని ఆవిడనీ అడగబోయి, ఉద్యోగం గుర్తొచ్చి జవాబు చెప్పేశాను.

పుష్ప ఊరి నుంచి వచ్చేసరికి నేను రోజూ తెల్లవారక ముందే లేచి, రేపటికి పిల్లల ముందు ఏం పెట్టాలా అని ఆలోచించే మనిషినైపోయాను. ఆమె తన క్లాసులు తిరిగి తీసుకోవడానికి బడికి వెళ్ళి, నవ్వుకుంటూ ల్యాబుకి వచ్చింది. "నన్ను చూసి పిల్లలు మొకం మాడ్చిన్రే. శారద టీచర్ రాదా అంటున్నరు. నువ్వే పో. నాకు గా లొల్లి కంటే గీ జాడీలే మంచిగున్నయి" అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సార్ నన్ను గదికి పిలిచారు. బెంగుళూరులో ఒక పెద్ద పరిశోధన సంస్థలో ఆయన స్నేహితుడు ఉన్నారట. "నీ గురించి చెప్పిన. థీసిస్ అయిపోంగనే రమ్మన్నడు. ఇగ నీకు ఫికర్ లేదు" అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. థాంక్స్ చెప్పి బయటికి వచ్చాను. నాన్నగారు ఆ సాయంత్రం పేపరు చదవలేదు. కింద ఇంటివాళ్ళకి, పక్కింటివాళ్ళకి స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చారు. బెంగుళూరు చలికి స్వెట్టర్లు ఎక్కడ మంచివి దొరుకుతాయో వాకబు చేశారు. నేను అన్నం సహించక వంటింట్లో పీట మీద కూర్చున్నాను. అమ్మ గోంగూర ఆకు తుంచుతోంది. ఒక కట్ట అయ్యాక ఇంకో కట్ట విప్పింది. తర్వాత ఆకుల మీంచి చూపు ఎత్తకుండానే, "పొద్దున లేవగానే నీ ప్రాణం ఎటు లాగుతుందే?" అంది.

"వారాసిగూడకి" అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది.

"మరి నన్నెందుకు అలా చూస్తావు? మీ నాన్నకి నేను చెప్తాలే. మీ సార్‌కి మాత్రం నువ్వే చెప్పుకోవాలి."

సార్‌తో చెప్పడానికి నాకు ధైర్యం చాలక కొన్నాళ్ళు తప్పించుకు తిరిగాను. చివరికి ఒక మధ్యాహ్నం ల్యాబులో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళి నిలబడ్డాను.

"సార్, బెంగుళూరికి పుష్పని పంపండి."

ఆయన తల తిప్పి చూశారు. "పుష్పనా? ఆమె ఇంటర్వ్యూల ఏం మాట్లాడుతదమ్మా? నలుగుట్ల నోరే తెరవదు."

"నోరు తెరవక్కర్లేదు సార్. అది చూడండి" అని బల్ల మీద పత్తిలో పెట్టి ఉన్న స్ఫటికం చూపించాను. ఆయన దాన్ని తీసి కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఎక్కడా మబ్బు లేదు, గీటు లేదు.

"గిది నీది కాదా?"

"పుష్పది సార్. మంచివన్నీ పుష్పవే."

సార్ లవంగం నములుతూ చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డారు. తర్వాత "మరి నువ్వు?" అన్నారు. బడిలో చెప్పుకుంటానన్నాను. ఆయన స్ఫటికాన్ని జాగ్రత్తగా మళ్ళీ పత్తిలో పెట్టారు. "ఒక ఫిజిసిస్టు తక్కువైంది. బస్" అన్నారు. కోపంగా అని ఉంటే మర్చిపోయేదాన్నేమో. నీరసంగా అన్నారు. ఆ మాట చాలా ఏళ్ళు నాతోపాటే బస్సెక్కి వారాసిగూడకి వచ్చేది.

పుష్ప బెంగుళూరు వెళ్ళింది. ఇంటర్వ్యూలో ఏమడిగారే అంటే, "ఏం అడగలే. నా క్రిస్టల్ చూసిన్రు, ఛాయ్ తాగిపిచ్చిన్రు" అంది. నేను థీసిస్ పూర్తిచేసి, డాక్టరేట్ తీసుకుని, పిండిగిర్ని మీద ఉన్న ఆ బడికే వెళ్ళాను. మా పెద్దత్తయ్య పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నన్ను "మా డాక్టరేట్ పంతులమ్మ" అని పరిచయం చేసేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, మొదట్లో కష్టంగా, తర్వాత్తర్వాత మామూలుగా. నాన్నగారు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. ఒకరోజు చెప్పాపెట్టకుండా నాతోపాటు బయల్దేరి బడి దాకా వచ్చారు. సందు చివర హోటల్లో టీ తాగుతూ, పైనుంచి వినబడే పిల్లల గోల కాసేపు విని, ఆఫీసుకి వెళ్ళిపోయారు. సాయంత్రం అమ్మతో, "బడి బాగానే ఉంది. గిర్ని రొదే కాస్త ఎక్కువ" అన్నారట. ఆ తర్వాత ఆయన ఆ విషయం ఎత్తలేదు. పేపర్లో సైన్సు సంగతి ఏదైనా వస్తే మాత్రం ఆ ముక్క ఇంకా గట్టిగా చదివేవారు.

నా పెళ్ళయింది. మా ఆయనకీ తార్నాక పక్కనే ఉద్యోగం కావడంతో ఈ చుట్టుపక్కలే ఉండిపోయాం. నాయనమ్మ వెళ్ళిపోయింది, చివరిదాకా భూమిని కదలనివ్వకుండానే. స్వరూప అడిగినదానికి ఆ క్లాసు పిల్లలు ఏడాదంతా కొట్టుకుని చివరికి మనమే తిరుగుతున్నామని తేల్చారు. అప్పట్లోనే ఆ సంగతి వచ్చి చెబితే నాయనమ్మ, "పిల్లలు కదా, తొందరపడ్డారు" అంది. స్వరూప శాస్త్రవేత్త కాలేదు, నర్సు అయింది. ఒకసారి సికింద్రాబాద్ బస్సులో కనబడి నా చెయ్యి పట్టుకుంది. "టీచర్, ఇప్పటికి గూడ ఇంట్ల ఎండ పడితే పని ఇడిచిపెట్టి చూస్కుంట నిలబడ్త. మా ఆయన తిడ్తడు" అంది. ఆ నవ్వు చూసి ఆ రోజంతా నాకు పండగ్గా గడిచింది.

కొన్నేళ్ళకి యూనివర్సిటీ వాళ్ళే, జిల్లాల నుంచి వచ్చే బడి టీచర్లకి సైన్సు ఎలా చెప్పాలో చూపించమని నన్ను పిలిచారు. ఫిజిక్స్ విభాగం వెనక రేకుల షెడ్డు ఒకటి ఇచ్చారు. వేసవిలో అది కొలిమి, వానల్లో డప్పు. అయినా ఆ షెడ్డులో నేను పడిన ఆనందం ఇంకెక్కడా పడలేదు. ఆ క్యాంపస్ నుంచి బయటికి వెళ్ళేటప్పుడు రీసెర్చ్ స్కాలర్‌ని, లోపలికి తిరిగి వచ్చేటప్పుడు పంతులమ్మని. సార్ అప్పటికి రిటైరయ్యారు. ఒకరోజు పొద్దున్నే, టీచర్లు ఇంకా రాకముందే, చంకలో ఒక పొట్లంతో షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. జుట్టంతా నెరిసింది. నోట్లో లవంగం మాత్రం ఉంది.

"లోపటికి రావచ్చునా?" అన్నారు.

నేను గబగబా లేచి కుర్చీ లాగాను. ఆయన కుర్చీలో కూర్చోకుండా బల్ల మీద పొట్లం విప్పారు. నిండా పటిక ముక్కలు. "జాడీలు, హీటర్లు పిల్లల తాన ఏడుంటయి? గిది కిరాణా దుకాణంల దొరుకుతది. స్టీలు గిలాసల క్రిస్టల్స్ పెంచవచ్చు. ఇంట్ల చేసి చూసిన, మంచిగ వస్తున్నయి. మీ టీచర్లకు చూపిస్తనంటే..." అని ఆగారు. నాకు పాఠం చెప్పిన మనిషి నా దగ్గర అనుమతి అడుగుతున్నాడని అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఆ రోజు ఆయన టీచర్లందరి చేతా స్టీలు గ్లాసుల్లో పటిక కరిగించి, దారాలు కట్టించి, కిటికీల్లో వరసగా పెట్టించారు. "తొందరపడొద్దు, కదిలియ్యొద్దు" అని గ్లాసు గ్లాసు దగ్గరికీ తిరిగి చెప్పారు. ఆ ఏడాదే కాదు, నడవగలిగినన్నాళ్ళూ వచ్చారు. వెళ్ళేటప్పుడు ఒకసారి మెట్ల మీద ఆగి, "శారదా, ఆ దినం నేను లెక్క తప్పు చెప్పిన. ఫిజిసిస్టు తక్కువ గాలే" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. ఆ తర్వాత ఆ పాత మాట మళ్ళీ నాతో బస్సెక్కలేదు.

ఇప్పుడు మా డాబా లేదు, దాని స్థానంలో అపార్టుమెంటు లేచింది. నేనుండేది అందులోనే. పైకి వెళ్ళినా మౌలాలి గుట్ట కనబడదు, అడ్డంగా అన్నీ భవనాలే. భూమి తిరుగుతుందా అని ఇప్పుడు ఏ పిల్లా అడగదు. ఫోన్లో చూస్తే నిమిషంలో నీలంగా గుండ్రంగా తిరుగుతూ కనబడుతుంది. నాయనమ్మ ఉండి ఉంటే ఆ బొమ్మ చూసి, "ఇది ఎవరు పెట్టిన బొమ్మే?" అనేది. పోయినవాటికి బెంగ లేదని కాదు. కానీ మా కాలంలో ఒక్క బెంచీకి సరిపోయిన ఆడపిల్లలు ఇప్పుడు హాలు నిండా కూర్చున్నారు, గట్టిగా ప్రశ్నలడుగుతున్నారు, నా మీద జాలి కూడా పడుతున్నారు. బెంగుళూరులో రిటైరై పుష్ప మళ్ళీ ఈ ఊరికే వచ్చింది. ఆదివారాలు మా ఇంటికొచ్చి, చారులో బెల్లం సరిపోలేదని పోట్లాడుతుంది. ఇంతకన్నా నేను అడగాల్సింది ఏముంది?

మొన్న ముషీరాబాద్‌లో ఒక సర్కారు బడికి వెళ్ళాను. మా దగ్గర శిక్షణ తీసుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి అక్కడ సైన్సు చెబుతోంది. వెనక బెంచీలో కూర్చున్నాను, తప్పులేమైనా ఉంటే తర్వాత చెబుదామని. ఆమె ఒక పుల్లని మధ్యలో దారంతో వేలాడదీసి, రెండు చివరలా గాలి ఊదిన రెండు బెలూన్లు కట్టింది. పుల్ల తూకంగా నిలబడింది. "ఒకదాంట్ల గాలి తీసేస్తే ఏమైతది?" అంది. ఏం కాదని కొందరు, లేస్తదని కొందరు, దిగుతదని కొందరు. గాలికి బరువేందిరా అని ఒకడు, మరి తుఫానుకు చెట్లెట్ల పడ్తయిరా అని ఇంకొకడు. గదంతా సంత అయిపోయింది. టీచరమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. గుండుసూది పట్టుకుని మెల్లగా బెలూను దగ్గరికి వెళుతోంది. పిల్లలు బెంచీల మీదికెక్కారు. నేను ఏం చూడటానికి వచ్చానో మర్చిపోయి, తెలియకుండానే లేచి ముందుకు వెళ్ళి మెడ సాచి నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో నా కొంగు లాగారు. చూస్తే రెండు జడల పిల్ల. నా వైపు చూడటం లేదు, నా పక్కనుంచి పుల్ల వైపే చూస్తోంది.

"జర సైడియ్యి అమ్మమ్మా, కనిపిస్తలేదు" అంది.

నేను పక్కకి తప్పుకున్నాను. ఆ పిల్ల నన్ను తోసుకుని ముందుకెళ్ళిపోయింది.